చేపపిల్లల మేతలో మేలు చేసే బాక్టీరియా: ఖర్చు ఎక్కడ పెట్టాలి?

చేపల చెరువులో లాభనష్టాలు వల లాగిన రోజున తేలుతాయని సాధారణంగా భావిస్తుంటారు. వాస్తవానికి అందులో పెద్ద భాగం అంతకు ఎన్నో నెలల ముందే, బియ్యపు గింజంత పొడవైన పిల్ల నర్సరీ చెరువులో పడిన మొదటి పదిహేను రోజులలోనే నిర్ణయమైపోతుంది. రోహు, కట్ల, మృగాల్ జాతుల స్పాన్‌ను మట్టి నర్సరీలో హెక్టారుకు 30 నుండి 50 లక్షల చొప్పున వదలడం మన దేశంలో వాడుక. పదిహేను, ఇరవై రోజుల తరువాత అంగుళం పొడవు ఫ్రైగా చేతికి వచ్చేది అందులో నలభై, యాభై శాతం మాత్రమే. ఆ ఫ్రైని రెండు మూడు నెలలు రేరింగ్ చెరువులో పెంచి ఫింగర్లింగుగా తీసేసరికి మరొక ముప్పయి, నలభై శాతం పోతుంది. అంటే నూరు స్పాన్ కొన్న రైతుకు చివరికి మిగిలేవి పాతిక నుండి ముప్పయి అయిదు ఫింగర్లింగులు. వరి నారుమడిలో మూడువంతుల నారు చచ్చిపోతే ఏ రైతూ ఊరుకోడు. చేపవిత్తనం విషయంలో మాత్రం ఈ నష్టం సహజమన్నట్లుగా అందరికీ అలవాటైపోయింది. ఋణం ఇచ్చే బ్యాంకులకు కూడా అలవాటైపోయింది.

1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌధురి, డాక్టర్ అలికున్హి హార్మోను ఇంజక్షను ద్వారా మన మేజర్ కార్పు చేపలచేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. అంతవరకు నదులలో వలలు పన్ని పట్టిన పిల్లలే విత్తనం. ఆ నాటి నుండి స్పాన్ కొరత క్రమంగా తీరింది. నేడు పశ్చిమ బెంగాల్‌లోని నైహాటి నుండి కొల్లేరు పరిసరాల హ్యాచరీల వరకు స్పాన్ కోట్ల సంఖ్యలో లభిస్తున్నది. సంఖ్య సమస్య తీరినా, ఆ పిల్లలను బతికించే సమస్య మిగిలే ఉన్నది. ఈ అవసరాన్ని ఆసరా చేసుకొని ఇటీవలి సంవత్సరాలలో ఆక్వా మందుల దుకాణాలలో ప్రతి అరలోను కనిపిస్తున్న సరకు ‘గట్ ప్రొబయాటిక్’, అనగా చేప పేగులో మేలు చేసే బాక్టీరియాను మేతలో కలిపి అందించే పొడి. దీని విలువ ఎంత, ఎక్కడ వాడితే పెట్టిన రూపాయి తిరిగి వస్తుంది, ఎక్కడ వాడితే నీళ్ల పాలవుతుంది అన్న విషయాలను రైతులు, ఋణ పరిశీలకులు ఇరువురూ తెలుసుకోవలసి ఉన్నది.

తొలి మేత, తొలి సూక్ష్మజీవులు

గుడ్డు నుండి వెలువడిన రోహు పిల్లకు సుమారు మూడు రోజుల వరకు నోరు పని చేయదు. కడుపు కింద ఉన్న పచ్చసొన సంచే దానికి ఆహారం. ఆ దశలో పేగు ఒక సన్నని గొట్టం. అందులో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. నోరు తెరుచుకొని మొదటి గుక్క నీరు, మొదటి ప్లవకజీవి లోనికి పోయిన క్షణం నుండి బాక్టీరియా అక్కడ కాపురం పెట్టడం మొదలుపెడుతుంది. ఏ బాక్టీరియా ముందుగా చేరి స్థలం ఆక్రమిస్తుందన్నది ఆ నీటిలో ఏమున్నదన్న దానిపై ఆధారపడి ఉంటుంది. కుళ్లిన ఎరువు, మిగిలిపోయిన మేత, చచ్చిన పిల్లలు ఉన్న నర్సరీలో ఏరోమోనాస్ వంటి రోగకారక జాతులు కావలసినంతగా ఉంటాయి. ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బాక్టీరియా చేప ఒంటిమీద ఎర్రమచ్చలకు, పొట్ట ఉబ్బుకు, రెక్కలు, తోక కుళ్లుకు కారణమవుతుందని మన రైతులకు అనుభవమే. ఇది ఆరోగ్యవంతమైన చెరువులో కూడా ఉంటుంది. పిల్ల నీరసించిన రోజున విజృంభిస్తుంది.

మరొక సంగతి గమనించవలసి ఉన్నది. రోహు, కట్ల వంటి కార్పు జాతులకు జీర్ణాశయం లేదు. పశువులకు, మనుషులకు ఉన్నట్లుగా ఆమ్లంతో నిండిన కడుపు వాటికి ఉండదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. దీనివలన రెండు ఫలితాలు ఉన్నాయి. నోటి ద్వారా వచ్చిన రోగకారక బాక్టీరియాను చంపే ఆమ్లపు అడ్డుగోడ లేదు. అదే విధంగా మేతతో పంపిన మంచి బాక్టీరియా కూడా ఆ గోడకు కొట్టుకొని చావదు. చిన్న పిల్లలో జీర్ణరసాలు ఇంకా పూర్తిగా తయారు కావు కాబట్టి, పిండిపదార్థాన్ని, మాంసకృత్తులను విడగొట్టే ఎంజైములను పేగులోని బాక్టీరియా కొంత సమకూర్చగలిగితే ఆ మేరకు మేత ఒంటబడుతుంది.

మంచి బాక్టీరియా చేసే పని ఇంకా ఉన్నది. పేగు గోడపై చోటును ముందుగా ఆక్రమించి చెడ్డ వాటికి చోటు లేకుండా చేయడం. వాటికి చేరవలసిన పోషకాలను తానే వాడుకోవడం. లాక్టిక్ ఆమ్లం వంటి పదార్థాలను విడుదల చేసి వాటి పెరుగుదలను అణచడం. పిల్ల శరీరంలోని రోగనిరోధక వ్యవస్థను మేల్కొలపడం. వరి మడిలో నారు దట్టంగా అంటుకుంటే కలుపుకు చోటు దొరకనట్లే ఇది. అయితే నారు ఒకసారి నాటితే నిలుస్తుంది. మేతతో పంపిన బాక్టీరియాలో ఎక్కువ భాగం పేగులో శాశ్వతంగా నిలవదు. మేత ఆపిన కొన్ని రోజులకు, వారాలకు దాని సంఖ్య పడిపోతుంది. కనుక వారానికి ఒకసారి మొక్కుబడిగా కలిపితే ప్రయోజనం ఆశించరాదు.

పరిశోధనలు ఏమి చెబుతున్నవి?

పశువుల మేతలో బాక్టీరియాను కలపడం చేపల కంటె ముందే మొదలయింది. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు రాయ్ ఫుల్లర్ 1989లో ప్రొబయాటిక్‌ను పేగులోని సూక్ష్మజీవుల సమతుల్యాన్ని మెరుగుపరచి పశువుకు మేలు చేసే సజీవ సూక్ష్మజీవుల మేత అనుబంధంగా నిర్వచించాడు. ‘సజీవ’ అన్న మాట ఇందులో కీలకం. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు దానికి మరొక షరతు చేర్చారు: తగినంత పరిమాణంలో అందాలి. జీవం, పరిమాణం అనే ఈ రెండు షరతులే మన దుకాణాలలో అమ్ముతున్న ప్యాకెట్లలో చాలా వాటిని పరీక్షించేందుకు సరిపోతాయి.

చేపలలో మొదటి ప్రయోగంగా సాధారణంగా చెప్పబడేది 1986లో జపాన్‌కు చెందిన కొజాసా ప్రకటించినది. నేలలో లభించే బాసిల్లస్ జాతి బాక్టీరియా సిద్ధబీజాలను సముద్రపు ఎల్లోటెయిల్ చేపల మేతలో కలిపి చూసినప్పుడు పెరుగుదల మెరుగుపడింది. 1990 దశకపు తొలి సంవత్సరాలలో ఫ్రాన్సులో గేట్సూప్ అనే శాస్త్రజ్ఞుడు మరొక మార్గం అనుసరించాడు. టర్బట్ చేప పిల్లలు పొడి మేత తినలేని వయసులో, వాటికి మేతగా వేసే రోటిఫర్లు అనే సూక్ష్మ ప్లవకజీవులకు ముందుగా బాక్టీరియాను పట్టించి, ఆ రోటిఫర్ల ద్వారా పిల్లల పేగులోకి పంపాడు. మన కార్పు నర్సరీలకు ఈ ఆలోచన వర్తిస్తుంది. స్పాన్ మొదటి రోజులలో తినేది ప్రధానంగా ప్లవకాన్నే గదా.

మన దేశంలో జరిగిన పని తక్కువేమీ కాదు. శాంతినికేతన్‌లోని విశ్వభారతి విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చేపల పేగుల నుండి ఎంజైములు విడుదల చేసే బాక్టీరియాను వేరుచేసి, 2002–04 ప్రాంతంలో వరుసగా ఫలితాలు ప్రకటించారు. రోహు పేగు నుండి వేరుచేసిన బాసిల్లస్ సర్కులాన్స్‌ను మేతలో కలిపి రోహు ఫింగర్లింగులకు పెట్టి చూశారు. అంతకంటె ఆసక్తికరమైనది నీటి మీద తేలే లెమ్నా అనే చిన్న ఆకు మొక్కతో చేసిన ప్రయోగం. ఈ ఆకు పొడిని పచ్చిగా మేతలో పది శాతం వరకే కలపగలిగారు. అంతకు మించితే పిల్లల పెరుగుదల దెబ్బతిన్నది. అదే ఆకును చేప పేగు బాక్టీరియాతో పులియబెడితే పీచు, టానిన్లు తగ్గి, ముప్పయి శాతం వరకు కలపడానికి వీలయింది. సుబాబుల్ ఆకుతో కూడా ఇదే పద్ధతిలో ప్రయత్నించారు. వేరుశనగ చెక్క ధర పెరిగిన ప్రతి సంవత్సరం ఈ ప్రయోగం గుర్తుకు రావలసినది. కాని మన ప్రాంతంలో దీనిని చెరువు గట్టు మీదకు తెచ్చినవారు అరుదు. ప్యాకెట్టులో అమ్మడానికి వీలులేని విజ్ఞానానికి ప్రచారకులు తక్కువ.

ముంబయిలోని కేంద్రీయ మత్స్య విద్యాసంస్థ శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన ప్రయోగంలో బాసిల్లస్ సబ్టిలిస్‌ను గ్రాము మేతకు అర కోటి నుండి ఒకటిన్నర కోటి వరకు జీవకణాల చొప్పున రోహుకు తినిపించి, తరువాత ఏరోమోనాస్‌ను ఎక్కించి చూశారు. బాక్టీరియా కలిపిన మేత తిన్న చేపలు ఎక్కువగా బతికాయి. 2013లో తంజావూరు నుండి వెలువడిన మరొక పరిశోధనలో లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ను గ్రాము మేతకు 10 లక్షలు, 10 కోట్లు, 1000 కోట్లు అనే మూడు మోతాదులలో అరవై రోజులు రోహుకు పెట్టారు. మధ్య మోతాదు అన్నిటికంటె మంచి ఫలితం ఇచ్చింది. దానికి వంద రెట్లున్న పెద్ద మోతాదు దానికంటె వెనుకబడింది. ‘ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు’ అని నమ్మేవారు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ ప్రయోగాలలో అధిక భాగం తొట్లలో, శుభ్రమైన నీటిలో, లెక్కపెట్టిన పిల్లలతో జరిగినవి. రోగకారక బాక్టీరియాను శాస్త్రజ్ఞులే ఎక్కించారు. మట్టి నర్సరీలో పిల్లను చంపే కారణాలు డజను ఉంటాయి. అందులో బాక్టీరియా ఒకటి. తొట్టిలో వచ్చిన ఫలితం శాతాల లెక్కన అలాగే చెరువులో వస్తుందని ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు.

ప్రొబయాటిక్ చేయలేని పని

నర్సరీలో మొదటి వారంలో పోయే పిల్లలలో చాలా భాగం రోగంతో పోవు. నీటి పురుగుల వాత పడతాయి; మిగిలిపోయిన కలుపు చేపల పాలవుతాయి; తెల్లవారుజామున ప్రాణవాయువు పడిపోయి చస్తాయి; ప్లవకం తయారుకాని నీటిలో ఆకలితో చస్తాయి. వీటిలో దేనికీ పేగు బాక్టీరియా మందు కాదు. స్పాన్ వదలడానికి మూడు వారాల ముందు హెక్టారుకు 2500 కిలోల ఇప్పచెక్క వేసి కలుపు చేపలను నిర్మూలించడం, సున్నం చల్లడం, ఎరువుతో ప్లవకాన్ని తయారుచేయడం, వదలడానికి పన్నెండు నుండి ఇరవై నాలుగు గంటల ముందు హెక్టారుకు 56 కిలోల చౌక నూనె, 18 కిలోల సబ్బు కలిపిన ద్రావణం చల్లి నీటి పురుగులను అణచడం, ఇవి పాత పద్ధతులే. పాతవి కాబట్టి ఎవరూ ప్రచారం చేయరు. ఈ పనులు చేయని చెరువులో ఎంత ఖరీదైన ప్రొబయాటిక్ వేసినా, తలుపులు తెరిచి పెట్టి ఇంటికి పహరా పెట్టినట్లే అవుతుంది.

కైకలూరు, ఆకివీడు ప్రాంతాల రైతులను ఎక్కువగా బాధించే ఆర్గులస్, అనగా చేప పేను, బాక్టీరియా కాదు. మొప్పలను పట్టే పరాన్నజీవులు బాక్టీరియా కావు. వీటికి కూడా గట్ ప్రొబయాటిక్ పనిచేస్తుందని చెప్పి అమ్మడం జరుగుతున్నది. అదే దుకాణంలో నీటిలో చల్లే ప్రొబయాటిక్ కూడా ఉంటుంది. అది అడుగు మట్టిలోని వ్యర్థాలను, అమ్మోనియాను ఉద్దేశించినది. పేగు కొరకు కొన్నది నీటిలో చల్లినా, నీటి కొరకు కొన్నది మేతలో కలిపినా రెండు విధాలా డబ్బు వృథా.

ప్యాకెట్టులో ఏమున్నది?

కొనేముందు చూడవలసిన మొదటి విషయం బాక్టీరియా జాతి పేరు, గ్రాముకు జీవకణాల సంఖ్య, తయారయిన తేదీ, గడువు. ‘మేలైన సూక్ష్మజీవుల మిశ్రమం’ అని మాత్రమే ఉండి జాతి పేరు లేని ప్యాకెట్టును ముట్టుకోకపోవడమే మంచిది. సంఖ్య విషయంలో చిన్న గుణకారం చేస్తే చాలు. గ్రాముకు 100 కోట్ల జీవకణాలున్న పొడిని కిలో మేతకు 10 గ్రాములు కలిపితే, గ్రాము మేతకు ఒక కోటి చొప్పున అందుతాయి. పైన చెప్పిన ప్రయోగాలలో వాడిన మోతాదుల శ్రేణిలోనే ఇది ఉన్నది. గ్రాముకు ఒక కోటి మాత్రమే ఉన్న పొడిని అదే పరిమాణంలో కలిపితే అందేది లక్ష. ప్యాకెట్టు రంగు, ధర ఒకటే కావచ్చు. పని మాత్రం ఒకటి కాదు.

రెండవది వేడి. బాసిల్లస్ జాతులు సిద్ధబీజాలుగా మారి ఎండను, పొడిదనాన్ని, కొంత వేడిని తట్టుకుంటాయి. పెరుగులో ఉండే లాక్టోబాసిల్లస్‌కు ఆ రక్షణ లేదు. మే నెలలో రేకుల కప్పు కింద నెల రోజులు నిలవ ఉన్న లాక్టోబాసిల్లస్ ప్యాకెట్టులో మిగిలేది చచ్చిన కణాల పొడి. గుళికల మేత తయారీలో ఆవిరి వేడి తగులుతుంది కాబట్టి, లాక్టోబాసిల్లస్‌ను మేత చల్లారిన తరువాతనే పైపూతగా పట్టించాలి. నర్సరీలో వాడే తవుడు, వేరుశనగ చెక్క సమపాళ్ల పొడి మేతకు ఇంత శ్రమ లేదు. ఏ పూటకు కావలసిన మేతలో ఆ పూటే పొడిని కలిపి చల్లితే సరిపోతుంది. రేరింగ్ చెరువులో చిన్న గుళికలు వాడేవారు చల్లారిన పలుచని గంజితో గాని, కొద్దిపాటి నూనెతో గాని పొడిని పట్టించి, నీడలో అరగంట ఆరబెట్టి, అదే రోజు వాడాలి. ఉడికించిన తవుడులో వేడి మీద కలపరాదు.

పొటాషియం పర్మాంగనేట్, బ్లీచింగ్ పొడి, అయోడిన్ వంటి క్రిమిసంహారకాలు చల్లిన రోజులలోనే ప్రొబయాటిక్ పెట్టడం మనవారు చేసే సాధారణమైన తప్పు. ఒక చేతితో నాటి మరొక చేతితో పెకలించినట్లు అవుతుంది. యాంటిబయాటిక్ మేత విషయం చెప్పనక్కరలేదు. ఆ మందు మంచి బాక్టీరియాకు, చెడ్డ బాక్టీరియాకు తేడా చూపదు. యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుండి పెరుగుదల కొరకు యాంటిబయాటిక్‌లను పశువుల మేతలో కలపడాన్ని నిషేధించింది. మన దేశంలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు చేపలకు, రొయ్యలకు వాడడం నిషిద్ధం. ప్రొబయాటిక్ వైపు ప్రపంచం చూడడానికి ఈ నిషేధాలు కూడా ఒక ముఖ్య కారణం.

బెల్లం, తవుడు, ఈస్టు డ్రమ్ములో పులియబెట్టి, అందులో ఒక ప్యాకెట్టు ప్రొబయాటిక్ వేసి ‘పెంచి’ వాడే అలవాటు కోస్తా జిల్లాలలో విస్తరించింది. చౌకలో ఎక్కువ బాక్టీరియా వస్తుందన్నది ఆలోచన. శుభ్రమైన డ్రమ్ము, మరగకాచి చల్లార్చిన నీరు ఉంటే ఈ ఆలోచనలో కొంత సబబు ఉన్నది. చెరువు నీటితోనే కలిపి, మూత లేని డ్రమ్ములో మూడు రోజులు ఉంచితే పెరిగేది ఏ బాక్టీరియా అన్నది ఎవరికీ తెలియదు. నురగ వచ్చింది కాబట్టి మంచిదేనన్న నమ్మకం సరి కాదు. నురగ ఈస్టు వలన కూడా వస్తుంది. పెద్ద చేపకు పెద్దగా నష్టం లేకపోవచ్చు గాని, నాలుగు రోజుల పిల్లకు ఈ నీటిని పెట్టడం సాహసమే.

ఖర్చు లెక్క

ఉదాహరణ కొరకు కొన్ని అంకెలు అనుకుందాం. రైతులు తమ ప్రాంతపు ధరలు వేసుకొని సరిచూసుకోవచ్చు. పది లక్షల స్పాన్ వదిలిన నర్సరీకి మొదటి అయిదు రోజులు రోజుకు 6 కిలోలు, తరువాతి పది రోజులు రోజుకు 12 కిలోల చొప్పున మొత్తం 150 కిలోల మేత పడిందనుకుందాం. కిలో మేతకు 10 గ్రాముల చొప్పున కలిపే ప్రొబయాటిక్ ఒకటిన్నర కిలో. కిలో 600 రూపాయలు అనుకుంటే ఖర్చు 900 రూపాయలు. వెయ్యి ఫ్రై ధర 150 రూపాయలు అనుకుంటే, ఈ ఖర్చు రాబట్టుకోవడానికి అదనంగా బతకవలసినవి ఆరు వేల పిల్లలు. వదిలిన స్పాన్‌లో ఇది నూటికి ఒక్కటి కూడా కాదు, 0.6 శాతం మాత్రమే. బతికే శాతం నలభై నుండి నలభై రెండుకు పెరిగినా ఇరవై వేల పిల్లలు, అనగా మూడు వేల రూపాయలు అదనంగా వస్తాయి.

ఇక పెంపక చెరువు సంగతి చూద్దాం. హెక్టారులో 8 టన్నుల చేప తీయడానికి 20 టన్నుల మేత పెట్టారనుకుంటే, అదే మోతాదులో ప్రొబయాటిక్ 200 కిలోలు కావాలి. ఖర్చు 1,20,000 రూపాయలు. పెద్ద చేపలో పేగు పూర్తిగా ఎదిగి ఉంటుంది, దానికి తగిన సొంత బాక్టీరియా స్థిరపడి ఉంటుంది, మరణాల శాతం కూడా తక్కువ. కొల్లేరు ప్రాంతంలో వాడుక ప్రకారం నూనె తీసిన తవుడును చిల్లుల సంచులలో నింపి వెదురు గడలకు వేలాడదీస్తారు. సంచిలో గంటల తరబడి నానే మేతకు పట్టించిన పొడిలో ఎంత భాగం నీటిలో కొట్టుకుపోతుందో ఊహించుకోవచ్చు. ఈ పరిస్థితులలో పంట మొత్తానికి ప్రతిరోజూ ప్రొబయాటిక్ వాడమనే సలహా అమ్మకందారుకు లాభసాటి, రైతుకు కాదు. మేత తక్కువగా పడి, ప్రాణనష్టం ఎక్కువగా ఉండే దశలోనే ఈ పొడికి విలువ ఉన్నది. అదే దశలో అమ్మకం తక్కువ కాబట్టి, అక్కడ వాడమని దుకాణదారు ప్రత్యేకించి చెప్పడు.

భువనేశ్వర్ సమీపంలోని కౌసల్యాగంగలో ఉన్న కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ 1997లో విడుదల చేసిన జయంతి రోహు వంటి మేలుజాతి విత్తనం కొనేవారికి ఈ లెక్క మరింత వర్తిస్తుంది. పిల్ల ఖరీదు పెరిగిన కొద్దీ బతికించిన ప్రతి పిల్లకు విలువ పెరుగుతుంది.

తన చెరువులో ఫలితం ఉన్నదా లేదా అని తేల్చుకోవడానికి రైతుకు ప్రయోగశాల అవసరం లేదు. ఒకే విస్తీర్ణం గల నాలుగు నర్సరీలు, ఒకే హ్యాచరీ నుండి ఒకే రోజు వచ్చిన స్పాన్, ఒకే మేత తీసుకొని, రెండింటిలో ప్రొబయాటిక్ కలిపి, రెండింటిలో కలపకుండా పెంచాలి. ఫ్రై తీసేటప్పుడు కప్పు కొలతతో లెక్కించి పుస్తకంలో రాసుకోవాలి. ఒక్కొక్క చెరువుతో పోల్చితే తేడా చెరువుదో పొడిదో తెలియదు. రెండవ విడత స్పాన్‌కు చెరువులను అటుదిటు మార్చి మళ్లీ చూడాలి. పక్క రైతు చెప్పిన మాటకంటె ఈ రెండు విడతల లెక్క నమ్మదగినది. ప్యాకెట్టులో జీవకణాలు నిజంగా ఉన్నవా అన్న అనుమానం ఉంటే, మత్స్య కళాశాలలోనో, సూక్ష్మజీవ పరీక్షలు చేసే ప్రయోగశాలలోనో లెక్కింపు చేయించుకోవచ్చు. నలుగురు రైతులు కలిసి ఒక నమూనా పంపితే ఖర్చు తలా కొంచెమే పడుతుంది.

ఋణ పరిశీలనలో

కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయాన్ని 2018–19 కేంద్ర బడ్జెట్టు ద్వారా మత్స్యకారులకు, చేపల రైతులకు విస్తరించి, 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు జారీ చేసింది. విత్తనం, మేత, ఎరువులు, సున్నం, కూలి, కరెంటు, కౌలు వంటి పునరావృత ఖర్చులకు దీని కింద నిర్వహణ మూలధనం లభిస్తుంది. ఎకరాకు లేదా హెక్టారుకు ఎంత ఇవ్వాలన్న ఋణ పరిమితిని జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ నిర్ణయిస్తుంది. సాధారణంగా ఈ లెక్కలు పెంపక చెరువును దృష్టిలో ఉంచుకొని తయారవుతాయి. నర్సరీ, రేరింగ్ చెరువులు నడిపే రైతు వ్యాపారం వేరు. అతని డబ్బు పదిహేను రోజులకో, మూడు నెలలకో తిరిగి వస్తుంది. ఏడాదిలో రెండు మూడు విడతలు తీయగలడు. అతనికి పెంపక రైతు కొలతబద్ద పెట్టడం సరి కాదు.

నర్సరీ యూనిట్టుకు ఋణం పరిశీలించే అధికారి ప్రొబయాటిక్ పద్దు చూసి వెంటనే కొట్టివేయవలసిన పని లేదు. కళ్లు మూసుకొని ఒప్పుకోవలసిన పని కూడా లేదు. ఇప్పచెక్క, సున్నం, నూనె–సబ్బు ద్రావణం ఖర్చులు ప్రణాళికలో ఉన్నవా అని మొదట చూడాలి. అవి లేకుండా ప్రొబయాటిక్ ఒక్కటే ఉంటే ప్రణాళిక తలకిందులుగా ఉన్నట్లు. అవి ఉండి, ప్రొబయాటిక్ ఖర్చు నర్సరీ మేతకు పైన చూపిన కొలతలో ఉంటే అభ్యంతరం ఉండనవసరం లేదు. అదే పద్దు పెంపక చెరువు మేత మొత్తానికి వేసి వస్తే, ఆ రైతు ఆ సంఖ్యను ఎవరి సలహాపై వేశాడో విచారించడం మంచిది. మేత, మందులు అప్పుగా ఇచ్చి చేపలు పట్టే రోజున లెక్క తేల్చుకొనే దుకాణదారు సలహా అయితే, ఆ అప్పు కూడా బ్యాంకు ఋణంతో పాటు అదే చెరువు మీద ఉన్నదని గ్రహించాలి. గత విడతల స్పాన్, ఫ్రై లెక్కల పుస్తకం చూపగలిగిన రైతు విషయంలో ఈ విచారణ త్వరగా ముగుస్తుంది. ఎంత వదిలాడో, ఎంత తీశాడో అందులోనే ఉంటుంది.